స్కర్టింగ్ బద్దలకు గట్టి గమ్ ఎంచుకోవడం ఎలా?

గోడ అడుగున, నేల వెంబడి అంటించే స్కర్టింగ్ బద్ద ఊడి చేతికొస్తే, దాన్ని మళ్లీ గోడకు నొక్కే పని కాసేపు ఆపి వెనక్కి తిప్పి చూడండి. ఎండిన గమ్ చారలు కనిపిస్తాయి. వాటి మీద గోరుతో గీరితే చాలాసార్లు గోడ రంగే బయటపడుతుంది. అంటే గమ్ పట్టు వదల్లేదు. పెయింట్‌ని, దాని కింద పుట్టీని కూడా పట్టుకునే ఉంది. వదిలేసింది గోడ.

మా ఇంట్లో మంచం వెనక బద్ద ఒక అర్ధరాత్రి దబ్బుమని పడినప్పుడు నాకు ఈ సంగతి తెలిసింది. ఇంకా గట్టి గమ్ కొనాల్సిందని తిట్టుకుంటూ తిప్పి చూస్తే, వెనకంతా లేత పసుపు పెయింటు, దాని మీద పిండిలా రాలుతున్న పుట్టీ. గోడ మీద చూస్తే సరిగ్గా ఆ గమ్ చారల ఆకారంలోనే తెల్లటి మచ్చలు. అంతకు పదింతలు గట్టి గమ్ పెట్టినా అదే చప్పుడు వినేవాణ్ణి.

అందుకే గమ్ ట్యూబుతో మొదలుపెట్టకండి. ముందు గోడ చూడాలి, తర్వాత బద్ద. ఆ రెండూ తెలిస్తే గమ్ ఏదో దాదాపు దానంతట అదే తేలిపోతుంది.

అసలు ఎంత బలం కావాలి?

2.4 మీటర్ల పొడవు, 100 మి.మీ. ఎత్తు, 15 మి.మీ. మందం ఉన్న ఎమ్డీఎఫ్ (చెక్క నారలను నొక్కి చేసిన పలక) బద్ద మూడు కిలోలు కూడా తూగదు. పైగా గోడకు వేలాడే వస్తువు కాదు, కింద నేల ఉంది. ఇక ట్యూబు మీద చూస్తే చదరపు మిల్లీమీటరుకు ఇన్ని న్యూటన్లు అని బలం రాసి ఉంటుంది. అలా 1 న్యూటన్ అని ఉంటే, చదరపు సెంటీమీటరుకు సుమారు 10 కిలోలన్నమాట. అరచేయంత మేర సరిగ్గా అంటుకున్నా, లెక్క ప్రకారం వందల కిలోలు ఆగాలి. కాబట్టి ఈ పనికి మామూలు గమ్‌కి ఉన్న బలం చాలు, మిగులుతుంది కూడా.

మరి బద్దలు ఎందుకు ఊడతాయి? గోడ పై పొర బలహీనంగా ఉండి కొన్ని. వంకరగా ఉన్న బద్దను బలవంతంగా నొక్కితే, అది తన పాత ఆకారానికి పోదామని రోజూ లాగుతూ ఉండటం వల్ల కొన్ని. చెక్క వానాకాలంలో ఉబ్బి ఎండాకాలంలో కుంచించుకుపోతుంటే, రాయిలా బిగుసుకున్న గమ్ ఆ కదలికకు సాగలేక పగిలి ఇంకొన్ని. తడిబట్టతో నేల తుడిచినప్పుడల్లా కింది అంచులోకి నీళ్లు చేరి మిగతావి. ఈ నాలుగింటిలో ఒక్కదానికీ ఎక్కువ న్యూటన్లు మందు కాదు.

బలం అన్నప్పుడు రెండు వేరు వేరు విషయాలు కలిసిపోతుంటాయి. ఒకటి, పెట్టగానే జారకుండా ఆపే తొలి పట్టు. రెండోది, పూర్తిగా గట్టిపడ్డాక ఉండే బలం. స్కర్టింగ్ పనిలో మనల్ని సతాయించేది మొదటిదే. ఎందుకంటే బద్ద నొక్కిపెట్టి గంటలకొద్దీ కూర్చోలేం కదా.

1. గోడని పరీక్షించండి

వేలి కణుపుతో స్కర్టింగ్ వచ్చే ఎత్తులో తట్టుకుంటూ వెళ్లండి. డొల్ల శబ్దం వచ్చిన చోట ప్లాస్టరింగే గోడని వదిలేసి ఉంది. అక్కడ ఏ గమ్మూ పనిచేయదు, ఆ ముక్క కొట్టేసి మళ్లీ పూయించాల్సిందే.

తర్వాత అరచేత్తో గోడని గట్టిగా రుద్దండి. చేతికి తెల్లటి పొడి అంటితే అది సున్నమో, డిస్టెంపరో, పాతబడిన పెయింటో. పొడి మీద అంటించడమంటే పిండి చల్లిన పీట మీద టేపు అంటించడమే.

అసలు పరీక్ష టేపుది. పదునైన కటర్‌తో గోడ మీద రెండు మూడు మి.మీ. ఎడంతో ఆరు నిలువు గీతలు, వాటి మీద ఆరు అడ్డగీతలు గీయండి. చిన్న చిన్న గళ్లు వస్తాయి. వాటి మీద గట్టి ప్యాకింగ్ టేపు అంటించి, గోరుతో బాగా రుద్ది, ఒక్క గుంజు గుంజండి. గళ్లు టేపుకి అంటుకుని వచ్చేస్తే ఆ పెయింటు మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఒకటో రెండో అంచులు మాత్రమే లేస్తే పర్వాలేదు. ఎటూ బద్ద వెనక దాగిపోయే చోటే కాబట్టి గీతలు పడ్డాయని టెన్షన్ అక్కర్లేదు. గదిలో కనీసం నాలుగైదు చోట్ల చేయండి. కిటికీ కింద ఒకలా, బాత్రూమ్ వైపు గోడ ఒకలా ఉండటం మామూలే.

పెయింటు ఊడొచ్చిందా? బద్దను గోడకు ఆనించి పై అంచు వెంబడి పెన్సిల్‌తో గీత గీయండి. ఆ గీతకు 10 మి.మీ. కింద నుంచి నేల దాకా పెయింటు, పుట్టీ గీకేసి గట్టి ప్లాస్టర్ తేలేలా చేయండి. మొత్తం పట్టీ గీకే ఓపిక లేకపోతే, అడుగుకొక చోట అరచేయంత మేర గీకినా చాలా తేడా ఉంటుంది. గీకిన చోట బ్రష్‌తో దుమ్ము దులిపి, కొంచెం తడిబట్టతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. పొడి ఇంకా రాలుతుంటే ప్రైమర్ ఒక చేయి వేసి ఆరబెట్టండి.

చెమ్మ సంగతి కళ్లకు కనిపించదు. ఒకటిన్నర అడుగు పొడవు, అంతే వెడల్పు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ షీటుని నాలుగు అంచులా టేపు వేసి గోడకు అంటించి, ఒక రోజు వదిలేయండి. షీటు లోపలివైపు నీటి ఆవిరి పట్టినా, దాని వెనక గోడ నల్లబారినా గోడలోంచి తేమ వస్తోందన్నమాట. ముందు దాని కారణం చూసుకోవాలి. కొత్తగా సిమెంటు ప్లాస్టరింగ్ చేసిన గోడకైతే కనీసం నాలుగు వారాలు ఆగండి.

చివరగా, వేలితో ఒక నీటి చుక్క గోడ మీద పెట్టండి. నిమిషంలో ఇంకిపోతే అది పీల్చే గోడ. చుక్క అలాగే నిలబడితే లేదా జారిపోతే పీల్చని గోడ. ఈ చిన్న విషయం మీదే గమ్ ఎంపిక సగం ఆధారపడి ఉంది. ఎలాగో కింద చెబుతాను.

2. గోడ ఎంత వంకరో కొలవండి

బద్దను గోడకు ఆనించి పైనుంచి టార్చి వేయండి. వెలుతురు కిందికి దిగిన చోటల్లా సందు ఉంది. మూడు మి.మీ. లోపు సందులను దాదాపు ఏ చిక్కటి గమ్మైనా నింపేస్తుంది. ఐదారు మి.మీ. దాకా హైబ్రిడ్ పాలిమర్ (దీని సంగతి కింద చెబుతాను) లాంటి చిక్కటి రకాలు నడుస్తాయి. అంతకు మించితే గమ్ మీద భారం వేయకండి. గోడనే సరిచేయించండి, లేదంటే ప్లగ్గులు కొట్టి స్క్రూలు బిగించండి.

ఇక్కడ చాలామంది పొరపడతారు. బద్ద ఒక చోట గోడకు దూరంగా ఉంటే గమ్ ఎక్కువ పెట్టి గట్టిగా నొక్కుతారు. తడి గమ్‌కి బద్దను వంచి ఉంచే శక్తి ఉండదు. అది గట్టిపడే లోపే బద్ద వెనక్కి లేచి, మధ్యలో గమ్ తీగలుగా సాగి సన్నబడిపోతుంది.

3. బద్ద దేనితో చేశారో చూడండి

ఎమ్డీఎఫ్, చెక్క బద్దలతో పెద్దగా గొడవలేదు. వెనక వైపు పీలుస్తుంది, దుమ్ము తుడిస్తే చాలు. అయితే వాటిని ఆ గదిలోనే రెండు రోజులు పడుకోబెట్టి ఉంచండి. అక్కడి గాలిలోని తేమకు అలవాటు పడ్డాక అంటిస్తే తర్వాత తక్కువ కదులుతాయి. ఎమ్డీఎఫ్ కోసిన అంచులు నీళ్లు తాగి ఉబ్బుతాయి కాబట్టి, కింది అంచుకు ముందే ప్రైమర్ పూయడం మంచిది.

పీవీసీ, అల్యూమినియం పీల్చవు. వెనకవైపు 120 నంబరు ఎమెరీ పేపర్‌తో గరుకు చేయండి. తర్వాత పీవీసీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. తయారీలో అంటిన జిడ్డు కంటికి కనిపించకపోయినా గమ్‌ని ఆపేస్తుంది.

థర్మోకోల్ జాతి బద్దలతో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. తేలిగ్గా, నురగ గట్టిపడ్డట్టు ఉండే పాలిస్టైరిన్ బద్దలకు సాల్వెంట్ (ఘాటు వాసన ఉండే ద్రావకం) ఉన్న గమ్ తగిలితే కరిగిపోతాయి. నేనొకసారి ఘాటైన వాసన ఉన్న గమ్ ఒక ముక్క మీద చార పెట్టి, ఫోన్ మాట్లాడి వచ్చేసరికి చార ఉన్న చోట వేలు దూరేంత కాలువ పడి ఉంది. ముక్క మీద చేశాను కాబట్టి సరిపోయింది.

టైలు, గ్రానైటు స్కర్టింగ్ అయితే ట్యూబుని గన్‌లో బిగించి నొక్కి పెట్టే గమ్ మానేసి టైల్ అడెసివ్‌కి వెళ్లండి. అది వేరే పని.

4. ఇప్పుడు గమ్ సంగతి

నీటి ఆధారంతో చేసిన యాక్రిలిక్ గమ్. వాసన తక్కువ, చేతులు నీళ్లతో కడుక్కోవచ్చు, పాలిస్టైరిన్‌ని ఏమీ చేయదు, పైన పెయింటు బాగా పడుతుంది. దీనిలోని నీరు బయటికి పోతేనే ఇది గట్టిపడుతుంది. కాబట్టి గోడా బద్దా రెండింట్లో కనీసం ఒకటి పీల్చేదై ఉండాలి. పీల్చే గోడకు ఎమ్డీఎఫ్ బద్ద అంటిస్తుంటే ఇది హాయిగా పనిచేస్తుంది. నిగనిగలాడే ఆయిల్ పెయింట్ గోడకు పీవీసీ బద్ద పెట్టారనుకోండి, నీటికి దారి ఉండదు. వారం తర్వాత ఊడదీసినా లోపల పేస్టులాగే ఉంటుంది. ఆరాక కాస్త కుంచించుకుపోతుంది కూడా, అందుకే పెద్ద సందులకు పనికిరాదు.

సాల్వెంట్ ఆధారంతో చేసినది. తొలి పట్టు బాగుంటుంది, త్వరగా బిగుస్తుంది. కానీ వాసన తలనొప్పి తెప్పిస్తుంది, ఆవిరి మండుతుంది. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకోవాలి. పైన చెప్పినట్టు పాలిస్టైరిన్‌కి శత్రువు. ఇంట్లో మనుషులు ఉంటూ చేసే పనికి నేనైతే దీన్ని ఎంచుకోను.

పాలీయురేథేన్, అదే పీయూ గమ్. గాలిలోని తేమ తీసుకుని గట్టిపడుతుంది. బలం చాలా ఎక్కువ, తేమకు ఓర్చుకుంటుంది. కొన్ని రకాలు గట్టిపడేటప్పుడు నురగలా పొంగి బద్దను గోడ నుంచి ముందుకు నెట్టేస్తాయి, అందుకని గట్టిపడేదాకా నొక్కిపెట్టి ఉంచాల్సి వస్తుంది. చేతికి అంటితే రోజుల తరబడి నల్లటి మరకలు పోవు. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి, గాలి ఆడేలా చూసుకోండి.

హైబ్రిడ్ పాలిమర్. ట్యూబు మీద ఎమ్మెస్ పాలిమర్ అనో, ఎస్‌ఎమ్‌పీ అనో ఉంటుంది. ఏది కొనాలో తేలకపోతే ఇది కొనండి. పీల్చే గోడ, పీల్చని గోడ, చెక్క, పీవీసీ, అల్యూమినియం అన్నిటికీ అంటుతుంది. దీనిలో సాల్వెంట్ సాధారణంగా ఉండదు, గట్టిపడేటప్పుడు పెద్దగా కుంచించుకుపోదు. అన్నిటికన్నా ముఖ్యంగా, గట్టిపడ్డాక కూడా రబ్బరులా కాస్త సాగుతుంది కాబట్టి చెక్క ఉబ్బినా తగ్గినా తట్టుకుంటుంది. హై ట్యాక్, హై గ్రాబ్ అని రాసి ఉన్న రకం తీసుకుంటే తొలి పట్టు కూడా దొరుకుతుంది. అది గన్ నుంచి నొక్కడానికి చేతులు నొప్పెట్టేంత చిక్కగా ఉంటుంది, ఆ చిక్కదనమే బద్దను జారకుండా ఆపేది. ఇదీ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. రోజుకి రెండు మూడు మి.మీ. లోతు చొప్పున, అంచుల నుంచి లోపలికి.

సిలికాన్ వద్దు. గోడకు అంటినట్టే ఉంటుంది కానీ దాని మీద పెయింటు నిలవదు. వెనిగర్ వాసన వచ్చే రకానికి సిమెంటుతో, లోహంతో కూడా పొసగదు. పైగా ఒకసారి గోడకు అంటిన చోట తర్వాత వేరే ఏ గమ్మూ పట్టదు. తెల్లటి ఫెవికాల్ జాతి గమ్ చెక్కకు చెక్కను బిగించి కట్టే పనికి గొప్పది, గోడకు మాత్రం కాదు. రెండువైపులా రాసి ఆరబెట్టి అంటించే రబ్బరు గమ్ కూడా ఇక్కడ తిప్పలే. తగిలిన క్షణంలో పట్టేస్తుంది, బద్దను ఒక్క మి.మీ. కూడా జరపనివ్వదు. ఇక సైనోయాక్రిలేట్, అంటే సూపర్ గ్లూ, దాన్ని గట్టిపరిచే స్ప్రేతో కలిపి జతగా వచ్చే రకం, మూలల్లో బద్ద కొసలు రెండూ కలిపి అతికించడానికి మాత్రం చాలా బాగుంటుంది.

5. ట్యూబు వెనక చదవండి

ముందువైపు పెద్ద అక్షరాల్లో ఎన్ని కిలోలు ఆపుతుందో ఉంటుంది. దాన్ని వదిలేసి వెనక చూడండి. గడువు తేదీ మొదట చూడాలి, ఎందుకంటే తేమతో గట్టిపడే గమ్ పాతబడితే ట్యూబులోనే బిగుసుకుంటుంది. పెయింటు వేయొచ్చా, పీల్చని ఉపరితలాలకు పనికొస్తుందా, పాలిస్టైరిన్‌కి సరేనా, పెట్టాక ఎన్ని నిమిషాల్లో పైన పొర కడుతుంది, ఇవి చూసుకోండి. పది పదిహేను నిమిషాల్లో పొర కట్టే రకమైతే ఒకేసారి మూడు బద్దలకు గమ్ పెట్టుకుని కూర్చోకూడదు.

ఎన్ని ట్యూబులు కావాలి? 290 మి.లీ. ట్యూబుతో 6 మి.మీ. మందం చార సుమారు 10 మీటర్లు వస్తుంది. గది చుట్టుకొలత 14 మీటర్లు, బద్దకు రెండు చారల చొప్పున గమ్ పడుతుంది అనుకుంటే 28 మీటర్లు, అంటే మూడు ట్యూబులు. గోడ వంకరగా ఉంటే ఇంకొకటి కలుపుకోండి.

6. ఒక ముక్కతో పందెం కట్టండి

బద్ద కోయగా మిగిలిన జానెడు ముక్కను, బీరువా వెనకాలో తలుపు చాటునో స్కర్టింగ్ వచ్చే ఎత్తులోనే అంటించండి. రెండు మూడు రోజులు వదిలేసి, వెడల్పాటి ఉలితో పెకలించండి. ఇప్పుడు వెనక ఏముందో చదవడం మీకు వచ్చు. పెయింటు ఊడొస్తే గోడ సంగతి చూడాలి. గమ్ అంతా గోడకే ఉండిపోయి బద్ద శుభ్రంగా వస్తే, బద్ద వెనక దుమ్మో జిడ్డో ఉంది, లేదా ఆ బద్దకు ఆ గమ్ పొసగదు. గమ్ మధ్యలో చీలి రెండువైపులా సగం సగం ఉండి, ముట్టుకుంటే జిగటగా ఉంటే అది ఇంకా గట్టిపడలేదు. ఎమ్డీఎఫ్ నారలు చీలి గోడకు అంటుకుని ఉండిపోతే మిగతా గదంతా ధైర్యంగా మొదలుపెట్టండి.

7. అంటించే పద్ధతి

గమ్ పెట్టక ముందే బద్దలన్నీ కోసి, పొడిగా అమర్చి చూసుకోండి. మూలలు కుదిరాకే గన్ పట్టుకోవాలి.

పీల్చే గోడ అయితే పై అంచుకు 15 మి.మీ. కింద ఒక చార, కింది వైపు ఒక చార, లేదా వాటి మధ్య పాము నడకలా వంకర్లు. పీల్చని గోడకు పీల్చని బద్ద అయితే మాత్రం చారలు నిలువుగా పెట్టండి, జానెడుకొకటి. చారకీ చారకీ మధ్య గాలి ఆడి గమ్‌కి తేమ అందుతుంది. పొడవునా మూసేసినట్టు పెడితే మధ్యలో ఉన్న గమ్ వారాల తరబడి మెత్తగానే ఉండిపోతుంది.

బద్దను ముందుగా కింద ఆనించి, పైకి వాల్చి, అటూ ఇటూ రెండు మూడు మి.మీ. జరుపుతూ నొక్కండి. ఆ జరపడంతో గమ్ పరుచుకుంటుంది. తర్వాత పొడవునా పిడికిలితో తట్టుకుంటూ వెళ్లండి. పైకి చిమ్మితే వెంటనే తుడిచేయండి, పొర కట్టాక తుడిస్తే గోడంతా పులుముతుంది. బద్ద లేచే చోట ఎదురుగా బరువైన పెట్టె పెట్టండి, లేదా మాస్కింగ్ టేపుతో గోడకు కట్టిపడేయండి. వంపు మొండిగా ఉంటే తల లేని రెండు సన్న మేకులు కొట్టండి, కానీ స్విచ్చులు, ప్లగ్గుల కింద మాత్రం వద్దు, లోపల వైరు ఉండొచ్చు.

నేలకు మాత్రం గమ్ తగలనివ్వకండి. లామినేట్ లాంటి, నేలకు అంటించకుండా పరిచే ఫ్లోరింగ్ ఉబ్బి కదలడానికే గోడ దగ్గర సందు వదులుతారు, స్కర్టింగ్ ఆ సందును కప్పడానికే ఉంది. బద్ద నేలకు అంటుకుంటే ఫ్లోరింగ్ కదలలేక మధ్యలో పైకి లేస్తుంది.

ఒక రోజంతా దాన్ని ముట్టుకోకండి. ఆ తర్వాత పై అంచు వెంట సన్నటి సందులు ఉంటే పెయింటు పట్టే యాక్రిలిక్ సీలెంట్‌తో నింపి, తడి వేలితో లాగేసి, ఆరాక పెయింటు వేసుకోవచ్చు.

ట్యూబులో గమ్ మిగిలితే నాజిల్ కొసలో ఒక పొడవాటి స్క్రూ బిగించి ఉంచండి. ఎప్పుడైనా మళ్లీ అవసరమైతే స్క్రూని ప్లయర్‌తో పట్టి లాగండి. గట్టిపడిన ముక్క చాలాసార్లు దానితోపాటే బయటికి వచ్చేసి, వెనక తాజా గమ్ కనిపిస్తుంది.